మూడు గంటలకోసారి

కుర్చీ ముందుగా పార్థసారథి కనుబొమ్మకు తగిలింది, తర్వాత గోడకు, ఆ తర్వాతే కింద పడింది. రక్తం కారడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో కౌన్సెలింగ్ గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు, తర్వాత అందరూ ఒకేసారి అరిచారు. పుట్టి పన్నెండు గంటలైన బిడ్డ పోయాడని చెప్పడానికే పార్థసారథి ఆ గదిలోకి వెళ్లాడు, చెప్పాడు కూడా, కానీ బాధపడుతున్నామని అనడానికి ముందే ఫార్మాలిటీస్ అన్నాడు. బిడ్డ తాత కుర్చీ ఎత్తాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి ఆ ముసలాయన్ని చంకల కింద పట్టుకుని ఎత్తుకెళ్తుంటే ఆయన చెప్పు ఒకటి టేబుల్ కింద ఉండిపోయింది. దీవెన దాన్ని కాలితో గోడ వైపు తోసింది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి తోసింది.

అది సోమవారం పొద్దున. దీవెన పిల్లల డాక్టర్ చదువులో మొదటి సంవత్సరం, ఈ గచ్చిబౌలి ఆస్పత్రిలో చేరి నాలుగు నెలలు. పార్థసారథి మూడో సంవత్సరం. డ్యూటీ రూములో కుట్లు వేయించుకుంటూనే ఆమెకి ఆర్డర్ వేశాడు.

"దీవెనా, విను. ఇవాళ్టి నుంచి తలుపు దగ్గర ఎవరికీ చెడ్డమాట చెప్పొద్దు. ఎవరడిగినా స్టేబుల్. చెడ్డ మాటలు హెడ్ మేడమ్ చెప్తారు."

"జయంతి మేడమ్ కాన్ఫరెన్స్‌కి వెళ్లారు కదా సార్, శుక్రవారం దాకా రారు."

"అయితే శుక్రవారం దాకా అందరూ స్టేబుల్."

కుట్లు వేస్తున్న రెబెక్కా సిస్టర్ నవ్వబోయి ఆపుకుంది. సూది మూడోసారి చర్మంలోకి దిగింది.

అదే రోజు మధ్యాహ్నం ఆరో నంబరు ఇంక్యుబేటర్‌లో పాప కడుపు ఉబ్బింది. నెలలు నిండకుండా పుట్టిన పాప, ఐదు రోజులది, కిలోకి ఓ వంద గ్రాములు ఎక్కువ, ఇంకా పేరు లేదు, అట్టమీద "వసంత బిడ్డ" అని మాత్రమే ఉంది. నోట్లోంచి కడుపులోకి వేసిన సన్నటి ట్యూబు లాగితే ఆకుపచ్చ పసరు వచ్చింది. చర్మం ఎంత పలచగా సాగిందంటే కింద పేగుల మెలికలు కనిపిస్తున్నాయి. రక్తం తీయడానికి దీవెన మడమ మీద గుచ్చింది, రాలేదు, మళ్లీ గుచ్చింది, నాలుగోసారికి వచ్చింది. పాప నోరు తెరిచింది కానీ ఏడుపు బయటికి రాలేదు. ఫోన్లో జయంతి మేడమ్ చెప్పింది: పేగు ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, పాలు పూర్తిగా ఆపండి, మందులు మొదలుపెట్టండి, తల్లికి చెప్పండి.

కేసు షీట్‌లో "పాలు ఆపాం" అని రాసింది దీవెన. దాని పక్కనే ఒక చిన్న గడి ఉంటుంది, "తల్లిదండ్రులకు తెలియజేశాం" అని. ఆ గడి ఖాళీగా ఉంటే పార్థసారథి ఫైలు విసిరికొడతాడు. టిక్ పెట్టేసింది.

మూడింటికి పసిబిడ్డల ఐసీయూ తలుపు పక్క కిటికీలో వసంత నిలబడింది. ఆ పక్కనే ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది, ఇన్సూరెన్స్ కార్డు కూడా ఆ కంపెనీదే. ప్రసవమై ఐదు రోజులైనా మంచం మీద ఉన్నది తక్కువ, తల్లుల గదిలో గోడకానుకుని కూర్చుని చేత్తో పాలు పిండడం ఎక్కువ. చిన్న ప్లాస్టిక్ సీసా, దాని మీద కాగితం ముక్క, పేరు, తేదీ, టైము, వంకర అక్షరాల్లో.

"పదునెనిమిది వచ్చినయి మేడమ్! పొద్దుగాల పదకొండే ఉండె."

"సూపరమ్మా! ఇలాగే తేవాలి."

దీవెన నాలుక దానంతటదే అనేసింది. నాలుగు నెలలుగా అంటున్న మాట, తల్లులు ఆ మాటకే బతుకుతారు.

"నా బిడ్డ మంచిగుందా?"

"స్టేబుల్ అమ్మా."

"గట్లంటే మంచిగున్నట్టే గదా?"

"మంచిగానే ఉంది."

సీసా పట్టుకుని లోపలికొస్తే రెబెక్కా ఫ్రీజర్ తలుపు తెరిచి చూపించింది, కవలల తల్లి సీసాలతో కిక్కిరిసి ఉంది. మూడో అంతస్తులో మిల్క్ బ్యాంకు ఉంది, అక్కడ పెట్టాలంటే ఫారం కావాలి, ఫారం మీద తల్లి సంతకం కావాలి, ఎందుకు దాస్తున్నామో తల్లికి చెప్పాలి. పార్థసారథి కట్టు కట్టిన కన్ను ఎత్తకుండానే అన్నాడు:

"పారబొయ్యి. ఫారం అంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెప్తే ఏడుస్తుంది, ఏడిస్తే మొగుడొస్తాడు. నా రెండో కనుబొమ్మ నాక్కావాలి."

పారబోసింది. చేతులు కడుక్కునే పెద్ద స్టీల్ సింకులో పద్దెనిమిది మిల్లీలీటర్లు, తెల్లగా, చిక్కగా, నెమ్మదిగా కన్నాల్లోకి దిగాయి. నీళ్లు తిప్పింది.

మంగళవారం ఇరవై రెండు, ఇరవై ఐదు, ఇరవై నాలుగు, ముప్పై. మూడు గంటలకోసారి కిటికీ, మూడు గంటలకోసారి సింకు. ముప్పై తెచ్చినప్పుడు వసంత మొహం వెలిగిపోయింది, చేతులు మాత్రం పాలిపోయి, వేళ్ల కొసలు ఒరుసుకుపోయి ఉన్నాయి. పాలు కొంచెం గులాబీ రంగులో ఉన్నాయి.

"జర ఎర్రగ వచ్చింది మేడమ్. రొమ్ము పగిలి నెత్తురు వడ్తుంది. పాపకు ఏంగాదు గదా?"

"ఏం కాదు."

"యాసిడ్‌తోని తొమ్మిది అంతస్తుల బాత్రూములు కడుగుత మేడమ్, నాకు గీ మంట ఒక లెక్క గాదు. పాపకే ఫికర్."

గులాబీ రంగు పాలు కూడా సింకులోకే వెళ్లాయి. ఆ సాయంత్రం దీవెన ఫ్రీజర్ ముందు రెండు నిమిషాలు నిలబడింది. కవలల సీసాలు కాస్త జరిపితే చోటు అవుతుందేమో అనుకుంది. అంతలో తొమ్మిదో నంబరు బిడ్డకి ఊపిరాగింది, పరుగెత్తింది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి తల్లులు ఒక్కొక్కరుగా లోపలికొచ్చి బిడ్డను ఐదు నిమిషాలు చూడొచ్చు. వచ్చేముందు మోచేతుల దాకా కడుక్కోవాలి. వసంత పది నిమిషాలు ముందే వచ్చింది, రెబెక్కా తలుపు తీసింది. సింకు దగ్గర దీవెన వీపు అటు తిప్పి ఉంది, పొద్దుటి నుంచి పేరుకున్న మూడు సీసాలు వరసగా వంచుతోంది.

"అవి నావి."

దీవెన తిరిగి చూసింది. చేతిలో మూడో సీసా సగం ఖాళీ.

"అమ్మా, మీ టైం ఇంకా కాలేదు, బయట కూర్చోండి."

"అవి నావి గదా మేడమ్. నేనే రాసిన. గిది ఆరింటిది, గిది తొమ్మిదింటిది." వసంత ఖాళీ సీసా తీసుకుని కాగితం మీద తన అక్షరాలు వేలితో తడిమింది. "ఎందుకు పారబోస్తున్నవు?"

"అది మీకు చెప్పినా అర్థం కాదమ్మా. బయటికి వెళ్లండి, ఇది స్టెరైల్ ఏరియా."

"ఎన్నొద్దుల సంది పారబోస్తున్నవు?"

దీవెన మాట్లాడలేదు. ఆ మౌనం వసంత మొహంలోకి ఎలా దిగిందో కళ్లారా చూసింది. ముందు కనుగుడ్లు, తర్వాత పెదాలు, తర్వాత గొంతు. ఒక్కసారిగా ఆమె దీవెన మణికట్టు పట్టుకుంది, యాసిడ్ తిన్న గరుకు చెయ్యి, ఇనప పట్టు.

"నా బిడ్డ లేదా? ఎన్నడు వోయింది? జెప్పు! సచ్చిపోయిన బిడ్డకు నాతోని పాలు దెప్పిస్తున్నవా? జెప్పవే!"

బిడ్డ ఉంది, ఆరో నంబరులో, అద్దానికి అవతల, పది అడుగుల దూరంలో ఊపిరి తీస్తోంది. ఆ మాట చెప్పడానికి ఒక్క సెకను చాలు. కానీ దీవెనకి సోమవారం నాటి కుర్చీ కనిపించింది, కారుతున్న కనుబొమ్మ కనిపించింది, మణికట్టు విరిగిపోతున్నట్టు అనిపించింది. రెండో చెయ్యి పిడికిలైంది, రెండు చేతులూ కలిసి వసంత ఛాతీ మీద పడ్డాయి, ఉన్న బలమంతా పెట్టి. గట్టిగా గడ్డకట్టిన రొమ్ముల మీద. వసంత కేక వేసింది. మనిషి వేసే కేకలా లేదు. వెనక్కి పడి, రెండుగా మడుచుకుపోయి, జాకెట్టు ముందంతా తడిసిపోతుంటే అలాగే నేల మీద ఉండిపోయింది.

ఆ కేక తలుపవతల ఆమె భర్త విన్నాడు. శివశంకర్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, ఒంటి మీద సెక్యూరిటీ గార్డు నీలం యూనిఫాం అలాగే ఉంది. తలుపు కార్డు లేకుండా తెరుచుకోదు. గోడకున్న ఎర్ర సిలిండర్, మంటలార్పేది, పీకాడు. మొదటి దెబ్బకి అద్దం తెల్లబడింది, రెండో దెబ్బకి మొత్తం పటిక బెల్లం ముక్కల్లా రాలింది.

"నా బిడ్డను సంపిన్రా? నా పెండ్లాన్ని గూడ సంపుతరా?"

లోపలికొస్తూ అతను విసిరిన చెయ్యి దీవెన మొహం మీద తగిలింది. పై పళ్లు కింది పెదవిలోకి దిగాయి, తల కుళాయికి కొట్టుకుంది, నోట్లో ఉప్పు, ఇనుము. మానిటర్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. రెబెక్కా దగ్గరలో ఉన్న ఇంక్యుబేటర్ మీద అడ్డంగా పడుకుని అరుస్తోంది: "పిల్లలున్నారయ్యా! పిల్లలున్నారు!"

శివశంకర్ అప్పుడు చూశాడు. పదకొండు ఇంక్యుబేటర్లు, పదకొండు నీలం లైట్లు. ఎత్తిన సిలిండర్ నెమ్మదిగా దించాడు.

అప్పుడే గార్డులు నలుగురు వచ్చారు. వాళ్ల ఒంటి మీదా అదే నీలం, భుజం మీద అదే ఏజెన్సీ బొమ్మ. ముందున్న సూపర్‌వైజర్ నారాయణప్ప ఆగిపోయాడు.

"నారాయణప్పన్నా, నేను! శివను! టవర్ మూడో గేటు! మియాపూర్ బస్సుల ఒక్కదగ్గరనే వస్తం గదనే!"

నారాయణప్ప అతని మొహం చూశాడు. తర్వాత తల పైకెత్తి తలుపు మీదున్న కెమెరా చూశాడు. లాఠీ శివశంకర్ మణికట్టు మీద దిగింది, ఎండు పుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు, అన్నీ నీలం చొక్కాలే, మోకాళ్లు, బూట్లు, మూలుగులు. కాళ్లు పట్టుకుని గాజు ముక్కల మీదుగా ఈడ్చుకెళ్లారు. దీవెన పెదవి నొక్కి పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆగండి అని ఒక్క మాట ఆమె నోట్లోంచి రాలేదు. లోపల మాత్రం ఒక గొంతు చాలా స్పష్టంగా అంది: ఇంకా కొట్టండి.

గురువారానికి దీవెన వాచిన మూతి ఫోటో ఊళ్లో ఉన్న డాక్టర్ల గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. ట్రైనీలంతా నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు, ఎవరో ఆమె కోటుకీ ఒకటి గుచ్చారు. పార్థసారథి పోలీసులకివ్వడానికి టైపు చేసిన కాగితం తెచ్చాడు. ఎలాంటి కారణం లేకుండా, విధుల్లో ఉన్న వైద్యురాలిపై, భార్యాభర్తలిద్దరూ కలిసి.

"సార్, కారణం లేకుండా కాదు. నేను ముందు ఆవిడని..."

"నువ్వేం చెయ్యలేదు."

"తోశాను సార్."

"కెమెరా తలుపు మీద ఉంది దీవెనా, సింకు మీద లేదు. నా కనుబొమ్మకి ఏమైందో చూశావు కదా? నన్నెవరడిగారు? ఒక్కసారైనా వీళ్లకి భయం ఉండాలి. సంతకం పెట్టు."

"పాప వాళ్లమ్మ ఎక్కడుంది?"

"గేటు లోపలికి రానివ్వట్లేదు. మొగుణ్ణి పెట్టిన స్టేషన్ బయటే కూర్చుందట. ఇంక రాదు."

సంతకం పెడదామని పెన్ను తీసింది కూడా. ఎస్సై ఎదుటే వాంగ్మూలం ఇవ్వాలని స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, శుక్రవారం రమ్మన్నారు. పెన్ను జేబులో పెట్టుకుంది, ఊపిరి పీల్చుకుంది, పీల్చుకున్నందుకు సిగ్గుపడింది.

శుక్రవారం పొద్దున జయంతి మేడమ్ రౌండ్స్‌కి వచ్చింది. పగిలిన తలుపుకి కొట్టిన చెక్క చూసింది, దీవెన కుట్లు చూసింది, ఆరో నంబరు దగ్గరికి వెళ్లింది. చెయ్యి కడుక్కుని, అరచేతిని అరచేతితో రుద్ది వెచ్చబరిచి, రెండు వేళ్లు పాప కడుపు మీద పెట్టింది. బెల్లం పాకం చూసినట్టు ఒత్తి చూసింది.

"మెత్తబడింది. ఎక్స్‌రే కూడా బావుంది. ఒక్క ఎంఎల్ తల్లి పాలు, మూడు గంటలకోసారి. ఫ్రీజర్‌లో ఎన్ని ఉన్నాయి?"

రెబెక్కా ఫ్రీజర్ వైపు చూసి, దీవెన వైపు చూసింది.

"ఏమీ లేవు మేడమ్," అంది దీవెన.

"నాలుగు రోజులు తల్లి పాలే తీయలేదా?"

"తీసింది. నేను పారబోశాను."

మేడమ్ ఫైలు తిప్పింది. "తెలియజేశాం అని టిక్ ఉంది. ఎవరిది?"

"నాది. చెప్పలేదు మేడమ్. టిక్ పెట్టానంతే."

పార్థసారథి ముందుకొచ్చాడు. "మేడమ్, ఒక్క ఎంఎల్లే కదా, డబ్బా పాలు మొదలుపెడదాం."

"ఈ పేగుకి డబ్బా పాలా? చిల్లు పడితే నువ్వు కుడతావా? కుట్టడానికి ఇక్కడ ఏముంది, తడి కాగితం!" ఫైలు అతని ఛాతీకి తగిలి కింద పడింది, కాగితాలు గది నిండా చెదిరాయి. "రెండింటికల్లా నాకు ఒక్క ఎంఎల్ కావాలి. ఎక్కడి నుంచి తెస్తారో మీ ఇష్టం."

దీవెన మిల్క్ బ్యాంకు నుంచి ఐస్ పెట్టె, సబ్బు, ఫారం, ఉడకబెట్టిన సీసాలు రెండు తీసుకుంది. ఒక జేబులో పార్థసారథి టైపు చేసిన కాగితం. బైక్ టాక్సీ వెనక కూర్చుని ఫ్లైఓవర్ దిగే దాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంది, స్టేషన్ ముందు దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

వసంత స్టేషన్ ప్రహరీ పక్క, పట్టుకొచ్చిన బండ్ల వరస వెనక నేల మీద ఉంది. కొంగు కప్పుకుని, గోడ వైపు తిరిగి, టీ తాగే కాగితం కప్పులో పాలు పిండుతోంది. పిండడం అయ్యాక కప్పు ఎత్తి చూసింది, ఎంత వచ్చాయో కళ్లతోనే కొలిచింది, పక్కనున్న స్కూటర్ చక్రం కింద పారబోసింది. అక్కడ మట్టి తడిసి ఎండి, మళ్లీ తడిసి గట్టిపడి ఉంది. చీమలు బారు కట్టాయి.

"వసంతా."

తల తిప్పింది. లేవలేదు.

"ఏంది, మళ్ల కొడ్తందుకు వచ్చినవా?"

"ఎప్పటి నుంచి ఇలా తీస్తున్నావు?"

"మూడు గంటలకోపాలి. నువ్వే జెప్పితివి గదా, ఆపితే ఎండిపోతయని. గా సిస్టరు నాకు ఫోన్ జేసి, బిడ్డ బతికే ఉన్నదని జెప్పింది. గామె జెప్పింది, నువ్వు జెప్పలే."

దీవెన ఆ మట్టిలోనే కూర్చుంది, తెల్లకోటుతో సహా. చెప్పింది. సోమవారం కడుపు ఉబ్బిందని, పసరు వచ్చిందని, పాలు ఆపారని, దాచడానికి చోటుందని, సంతకం అడగాల్సి వస్తుందని అడగలేదని, పద్దెనిమిది తెచ్చినప్పుడు సూపర్ అన్నప్పటికే పాపకి చుక్క కూడా పోయడం లేదని. ఇవాళ ఒక్క ఎంఎల్ పోస్తే తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు అని. చెప్తున్నంతసేపూ పెదవి కుట్టు లాగుతోంది.

వసంత చివరిదాకా వింది.

"గీ ముక్క నాడే అంటే అయిపోతుండె గదా. ఏడుస్తుంటి. ఏడ్చి, మళ్ల పిండుతుంటి. గంతేనాయె."

"అవును."

"నన్ను ఎక్కడ గుద్దినవో యాదున్నదా?"

"ఉంది."

"లోపల జెప్పు. నా మొగడు విననీ. అటెన్క పాల సంగతి."

దీవెన ఐస్ పెట్టె, సీసాలు, సబ్బు అక్కడే పెట్టి లోపలికెళ్లింది. శివశంకర్ బెంచీ మీద ఉన్నాడు, కుడి చేతికి పిండికట్టు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఎస్సై టైపు కాగితం చదివి, సంతకం చోటు చూపించాడు.

"ఇది నేను రాసింది కాదండి. తెల్ల కాగితం ఇవ్వండి."

రాసింది. మొదటి వాక్యంలో తోశాను అని రాసి, కొట్టేసి, గుద్దాను అని రాసింది. రెండు చేతులతో, బాలింత రొమ్ముల మీద. ఆ తర్వాతే ఆయన నన్ను కొట్టారు. పిల్లల్ని చూసి సిలిండర్ దించేశారు, దించిన తర్వాతే గార్డులు చెయ్యి విరగ్గొట్టారు. ఎస్సై చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీశాడు.

"మేడమ్, మీ మీద మీరే రాసుకుంటున్నారు. ఆమె కంప్లైంట్ ఇస్తే మీ మీద కూడా కేసు కట్టాల్సి వస్తది. తలుపు పగిలిన కేసు ఎట్లాగూ పోదు."

"కట్టండి."

బెంచీ మీద శివశంకర్ ఒంటి కన్నుతో చూస్తున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు.

బయట వసంత నిలబడి ఉంది. చేతులు సబ్బుతో కడుక్కుంది, మోచేతుల దాకా ఇంకా తడి. ఇందాకే తీసేయడం వల్ల ఎక్కువ రాలేదు, ఎడం చేతిలో సీసాలో అడుగున తొమ్మిదో పదో మిల్లీలీటర్లు. దీవెన మెట్లు దిగి దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

వసంత కుడి చేత్తో లాగి కొట్టింది. కుట్టు తెగింది. గేటు దగ్గర కానిస్టేబుల్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు. దీవెన తల పక్కకి తిరిగింది, కళ్లలో నీళ్లొచ్చాయి, చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. వసంత ఒళ్లంతా వణుకుతోంది, ఎడం చేతిలో సీసా తొణకలేదు.

"తీస్కపో."

"టైము ఎంత రాయను?"

"పన్నెండున్నర. నేనే రాస్త, పెన్ను దే."

రెండింటికి దీవెన సిరంజీని ట్యూబుకి తగిలించి పైకెత్తి పట్టుకుంది. నెట్టకూడదు, దానంతటదే దిగాలి. ఒక్క ఎంఎల్ దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మిగతా పాలు మిల్క్ బ్యాంకులో పెట్టింది. ఫారం మీద వసంత స్టేషన్ బయట పెట్టిన సంతకం పక్కన, దీవెన బొటనవేలికంటిన పెదవి రక్తం మరక పడింది, దాన్ని తుడవబోతే ఇంకా పాకింది. పార్థసారథి ఆమెతో మాట్లాడలేదు. ఎవరో ఆమె కోటు మీది నల్ల బ్యాడ్జీ పీకేశారు, పిన్ను మాత్రం మిగిలింది.

ఐదింటికి ట్యూబు లాగి చూసింది. ఆకుపచ్చ. ఎక్కువ కాదు, అర ఎంఎల్, కానీ ఆకుపచ్చ. కడుపు ఇంకా మెత్తగానే ఉంది. జయంతి మేడమ్ చూసి, ఇంకో ఇరవై నాలుగు గంటలు ఆపండి, రేపు మళ్లీ మొదలుపెడదాం అని వెళ్లిపోయింది.

"చెప్తావా ఏంటి?" అన్నాడు పార్థసారథి, ఆమె స్టేషన్ నుంచి వచ్చాక మొదటిసారి నోరు విప్పి. "రేపు బాగైతే అప్పుడు చెప్పొచ్చు కదా. ఇవాళ ఆమె నిన్ను చంపేస్తుంది."

దీవెన షీట్‌లో గడి ఖాళీగా వదిలేసి ఫోన్ తీసింది. రెండు రింగులకే ఎత్తింది వసంత. వెనక బస్సు హారన్లు.

"నేను దీవెనను. మంచి మాట కాదు, విను. పాలు పోశాం, మళ్లీ పసరు వచ్చింది. కొంచెమే. పాప ఊపిరి బాగుంది, కడుపు మెత్తగా ఉంది. కానీ మళ్లీ ఆపేశాం. రేపు ఐదింటి దాకా చుక్క కూడా పొయ్యం."

ఏడుపు కోసం, తిట్టు కోసం దీవెన ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుంది.

"ఒక్క దినమా?"

"ఒక్క రోజు. రేపు బాగోకపోతే ఇంకో రోజు కావొచ్చు. అది కూడా చెప్తాను."

"నేను పిండినయి?"

"మూడో అంతస్తులో దాస్తాను. నీ పేరుతో. నేనే గేటు దగ్గరికి వచ్చి తీసుకుంటాను."

వసంత ముక్కు చీదింది. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నట్టు గొణిగింది.

"అయితే ఎనిమిది సీసలు గావాలె," అంది. "ఇప్పుడే తే. ఆరింటికి నాకు మళ్ల టైమైతది."